ఎవరు తింటారు గనక?

సోమవారం బేకరీకి సెలవు. అయినా ఆ రోజు బట్టీ మావయ్య పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. ముప్పై ఏళ్ళుగా బట్టీ ముందు నిలబడి రొట్టెలు కాలుస్తున్నాడని వీధంతా అతన్ని అలాగే పిలుస్తుంది. అసలు పేరు భార్యకైనా గుర్తుందో లేదో అనుమానమే.

"ఇంత పొద్దున్నే ఎక్కడికి?" అంది భార్య.

"చర్చిలో రొట్టె పెట్టిన నా చెక్క పలక ఉండిపోయింది. తెచ్చుకుంటా."

"ఏటా చర్చి ఊడ్చే ఆ గంటమ్మే కడిగి తెచ్చిస్తుందిగా. ఇవాళ మీకెందుకంత తొందర?"

పలకా లేదు, పాడూ లేదు. మనిషికి పొగడ్త కావాలి. ముందురోజు కోత కానుకల ఆదివారం. ఆ పూట సంఘంలో ఎవరి కష్టంతో పండింది వాళ్ళు తెచ్చి, ముందున్న పెద్దబల్ల దగ్గర పెడతారు. ధాన్యం బస్తాలు, గుమ్మడికాయలు, గుడ్ల బుట్టలు, తేనె సీసాలు, ఒకాయన తెచ్చిన కుంటి కోడిపుంజు. వీటన్నిటికీ నడిమధ్యన, బల్ల మీద, బట్టీ మావయ్య రొట్టె. మామూలు రొట్టె కాదు. నడుమెత్తు గోధుమ పన, కోసి కట్టిన మోపు ఆకారం. కాడకి కాడ, వెన్నుకి వెన్ను, గింజకి గింజ, నడుమున జడలా అల్లిన కట్టు. కింద కాడల దగ్గర, మిరియాల కళ్ళతో ఒక చిట్టెలుక. పదిహేనేళ్ళుగా అతను ఇస్తున్న కానుక అది. పాస్టరు గారు కొత్తగా వచ్చారు, రొట్టెను చూడటం ఆయనకిదే మొదటిసారి. పొగుడుతారా, పొగడరా?

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రొట్టె చూడటానికే. ఆ మాట బేకరీవాళ్ళందరికీ తెలుసు. అందులో ఈస్ట్ వేయరు, వేస్తే పొంగి గింజల ఆకారం చెడిపోతుంది. బూజు పట్టకూడదని, పురుగు ముట్టకూడదని పిండిలో పావు వంతు ఉప్పు దట్టిస్తారు. ఇటుకలా గట్టిపడేదాకా కాలుస్తారు. పిండి కూడా ఏది పడితే అదే. బస్తాల అడుగున మిగిలి, పురుగు పట్టి, అమ్మడానికి పనికిరాని పిండిని ఏడాది పొడుగునా ఒక డబ్బాలో దాచేవాడు మన మావయ్య. భార్య ఒకటి రెండుసార్లు మొహం చిట్లించింది కూడా. "దేవుడికిచ్చేది, కాస్త మంచి పిండి వెయ్యొచ్చుగా" అంటే, "ఎవరు తింటారు గనక?" అనేవాడు. ఆ మాటతో నోరు మూయించేవాడు.

ఈ ఏడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. గుడ్డు సొన పూస్తే వచ్చే మెరుపు దీపాల వెలుతురులో కంటికి ఆనడం లేదని అతని బెంగ. వడ్రంగి పని చేసే బావమరిది దగ్గర తలుపులకు వేయగా మిగిలిన వార్నిష్ డబ్బా ఉంది. రెండు పూతలు పూశాడు. రొట్టె అద్దంలా మెరిసింది. వాసన వచ్చింది గానీ రెండ్రోజులు కిటికీ దగ్గర పెడితే పోయింది. ఎవరు తింటారు గనక?

అతను వెళ్ళేసరికి చర్చిలో పాస్టరు గారు ఒక్కరే ఉన్నారు. చొక్కా చేతులు పైకి మడిచి, బెంచీలు సర్దుతున్నారు. పెద్దబల్ల ఖాళీగా ఉంది. బస్తాలూ బుట్టలూ పొద్దున్నే బండిలో అనాథాశ్రమానికి వెళ్ళిపోయాయి. పలక ఒక్కటీ గోడకి ఆనించి ఉంది.

"రండి రండి! మీ రొట్టె గురించే అనుకుంటున్నాను" అన్నారు పాస్టరు గారు. "ఏం పనితనమండీ! మా ఆవిడైతే అది చెక్కతో చేసిందనుకుంది."

బట్టీ మావయ్య ఛాతీ రెండంగుళాలు ఉబ్బింది. "ఏదో, దేవుడిచ్చిన విద్య" అన్నాడు, వంచాల్సిన చోట తల వంచి.

"కానీ నాకు అంతకన్నా నచ్చిందేంటంటే, అది వెళ్ళాల్సిన చోటికి వెళ్తుండటం. వారం రోజులు కడుపు నింపుతుందట కదా."

"ఏది?"

"మీ రొట్టె."

"ఎవరి కడుపు?"

పాస్టరు గారు నవ్వారు. కుడిచేత్తో చేసింది ఎడమచేతికి తెలియనివ్వని మనిషి అనుకున్నారు పాపం. "గంటమ్మ చెప్పిందిలెండి. ఏడేళ్ళుగా ఆ ఇంట్లో అమ్మమ్మా మనవరాలూ కోతల వారమంతా తినేది మీ రొట్టేనటగా. ఆశ్రమంవాళ్ళు గట్టిగా ఉందని దాన్ని వదిలేస్తే, దేవుడు నాకోసమే మిగిల్చాడు అంటుంది ఆవిడ. పొద్దున బండి వెళ్ళగానే నెత్తిన పెట్టుకుని తీసుకెళ్ళింది."

బట్టీ మావయ్యకు చెవులు గుయ్యిమన్నాయి. ఆ రొట్టె ఏ గేదెలకో వేస్తారని, లేకపోతే చెత్తలో పడేస్తారని ఇన్నేళ్ళూ అనుకున్నాడు. నిజం చెప్పాలంటే అదీ అనుకోలేదు, ఆదివారం సాయంత్రానికి దాన్ని మర్చిపోయేవాడు.

"తింటారా?" అన్నాడు. "మనుషులు తింటారా?"

"రొట్టెను మరేం చేస్తారండీ?"

 బట్టీ మావయ్య పలక అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాడు. ఎంత బరువైన మనిషో, పరుగెత్తి ఎన్నేళ్ళయిందో! చెప్పులు కుట్టే అతను పని ఆపి నోరు తెరిచి చూశాడు. ఇస్త్రీ బండి దగ్గర ఎవరో "మావయ్యా, బట్టీ అంటుకుందా ఏంటి?" అని అరిచారు. అతనికి వినపడితేగా. రెండు పూతలు, రెండు పూతలు అని లోపల ఒకటే మోత. దేవుడా, ఇంకా తిననివ్వకు, ఇంకా తిననివ్వకు అని ఏడుస్తూ ఉరికాడు.

గంటమ్మ ఇల్లు చర్చి వెనక సందులో, మెట్ల కింద ఒకే ఒక్క గది. చర్చి ఊడ్చి, ఆదివారం గంట కొడుతుంది కాబట్టి ఆవిడకు ఆ పేరు. తలుపు తీసే ఉంది. లోపల ఒక మంచం, ఒక కిటికీ, కిటికీ కింద పొయ్యి. నేల మీద పెద్ద బేసిన్. అందులో నీళ్ళు, నీళ్ళలో ముక్కలు చేసిన గోధుమ పన. నీళ్ళ మీద నూనె మరకలా ఒక పొర తేలుతోంది. పక్కనే రెండు కంచాలు బోర్లించి ఉన్నాయి.

"అవ్వా! తిన్నారా? అది తిన్నారా?"

గంటమ్మ ఉలిక్కిపడింది. చేతిలో చెంబు అలాగే ఉంది. "అయ్యో, మీరా బాబూ! కూర్చోండి. ఇంకా లేదు. రెండో నీళ్ళు మార్చాను. మూడో నీళ్ళకి గానీ ఉప్పు వదలదు. తర్వాత ఉడకేస్తాను. ఈసారేంటో ఒక వాసన..."

తినలేదు. బట్టీ మావయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ప్రాణం లేచొచ్చింది. బేసిన్‌లోకి వంగి చూశాడు. కాడలున్నాయి, వెన్నులున్నాయి, జడలా అల్లిన కట్టు రెండు ముక్కలై ఉంది.

ఎలుక లేదు.

"ఎలుక ఏది?" అన్నాడు.

మంచం మీద కూర్చున్న ఎనిమిదేళ్ళ మనవరాలు సిగ్గుగా నవ్వింది. "ఎలుక నాదే. ఏటా నాకే ఇస్తుంది అమ్మమ్మ. తినేశా."

తర్వాత ఏం జరిగిందో అతనికి వరసగా గుర్తులేదు. పిల్లను భుజాన వేసుకున్నాడు. గంటమ్మ వెనక నుంచి "ఏమైంది బాబూ, ఏమైంది?" అని అరుస్తూ చెప్పుల్లేకుండా వచ్చింది. రెండు వీధుల అవతల ఉన్న ఆస్పత్రి గుమ్మంలో పడేదాకా అతను పిల్లను దించలేదు.

నర్సు కాగితం తీసుకుంది. "ఏం తింది?"

"రొట్టె."

"రొట్టె తింటే ఆస్పత్రికి తెస్తారా?"

"దాని మీద వార్నిష్ ఉంది."

నర్సు రాయడం ఆపింది. "వార్నిషా? రొట్టెకా? రొట్టె అనుకున్నారా, కుర్చీ అనుకున్నారా? ఏ బుద్ధి లేని వెధవ పూశాడు?"

"నేనే" అన్నాడు బట్టీ మావయ్య.

ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. గంటమ్మ కూడా చూసింది. ఆవిడ మొహంలో ఇంకా కోపం రాలేదు. అసలు మాటే అర్థం కానట్టు చూసింది.

డాక్టరు లోపలికి తీసుకెళ్ళి నోరు చూశాడు, పొట్ట నొక్కి చూశాడు, ఎంత తిన్నావమ్మా అని అడిగాడు. పిల్ల వేళ్ళతో చూపించింది. చేదుగా ఉందని తోక ఊసేసిందట, ఒళ్ళు కొంత మింగిందట. ఎండిన పూత కాబట్టి పెద్ద ప్రమాదం ఉండకపోవచ్చని, అయినా రెండు గంటలు ఇక్కడే ఉంచి చూడాలని డాక్టరు చెప్పాడు. ఉండకపోవచ్చు అన్నాడే గానీ ఉండదు అనలేదు. ఆ తేడా బట్టీ మావయ్య గుండెలో ముల్లులా దిగింది.

వరండాలో పొడవాటి బెంచీ. ఒక చివర గంటమ్మ, ఒక చివర అతను. తలుపు సందులోంచి మంచం మీద పిల్ల పాదాలు కనిపిస్తున్నాయి. ఆ పాదాలు కదిలినప్పుడల్లా ఇద్దరూ తలెత్తేవాళ్ళు.

గంటమ్మే ముందు మాట్లాడింది. "నా కూతురు పోయింది సరిగ్గా కోతల వారంలో బాబూ. దీనికి అప్పుడు ఏడాది నిండింది. ఇంట్లో గింజ లేదు. అప్పటి పెద్ద పాస్టరు గారు, ఆ కానుకల్లోంచి నీకు కావాల్సింది తీసుకో అన్నారు. నాకు సిగ్గేసింది. అందరూ తీసుకోగా ఏది మిగిలితే అది తీసుకుందామనుకున్నా. అంత పెద్ద రొట్టె మిగిలింది! అందరూ వదిలేసి వెళ్ళారంటే నాకోసమే కాదూ? ఆ రోజు నుంచి ఏ ఏడూ దేవుడు తప్పలేదు."

బట్టీ మావయ్య నేల కేసి చూస్తున్నాడు.

"ఉప్పు ఎక్కువే అనుకోండి. మొదటేడు నోట్లో పెట్టుకోలేకపోయాం. తర్వాత కిటుకు తెలిసింది. మూడు నీళ్ళు మారిస్తే పోతుంది. లేనివాళ్ళకి వెళ్తుంది, నాలుగు రోజులు చెడిపోకుండా నిలవుండాలని మీరు ఉప్పు దట్టించారనుకునేదాన్ని. ఎంత ముందుచూపు ఈ బాబుకి అనుకునేదాన్ని. ఈ వార్నిష్ కూడా అందుకే పూశారా? తెలియక పూశారా?"

చూశారా, తప్పించుకోవడానికి తలుపు ఎంత బార్లా తెరిచి పెట్టిందో! అవునవ్వా, తెలియక జరిగింది అంటే సరిపోయేది. ఆవిడ నమ్మేది. పాస్టరు గారు నమ్మేవారు. పదిహేనేళ్ళ పేరు పదిలంగా ఉండేది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే లోపల పిల్ల దగ్గింది. ఆ మాట గొంతులోనే చచ్చిపోయింది.

"నిలవుండాలని కాదవ్వా" అన్నాడు. "ఎవరూ తినరని. తినే రొట్టే కాదది. దానికి వాడింది అమ్మడానికి పనికిరాని పిండి. పురుగు పట్టింది. మెరిస్తే నాకు పేరొస్తుందని వార్నిష్ పూశాను. నువ్వు తింటున్నావని నాకు తెలీదు. ఒట్టు, తెలీదు."

గంటమ్మ అతని వైపు తిరిగింది. కళ్ళు పెద్దవి చేసి అతన్నే చూసింది. కూతురు పోయిన రోజున కూడా ఆ మనిషి మొహం అలా ఉండి ఉండదు.

"తినరని తెలిసి దేవుడికి పెట్టావా?" అంది చివరికి. అప్పటిదాకా ఉన్న మీరు, బాబూ అన్న మాటలు ఎగిరిపోయాయి. "పుచ్చు పిండి? ఆ బల్ల మీద? నేను పొద్దున్నే లేచి, తడిగుడ్డ పెట్టి తుడిచి, దుమ్ము కణం లేకుండా చేస్తానే, ఆ బల్ల మీదా?"

"తప్పయిపోయింది."

"ఏడేళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని తిన్నానయ్యా! దేవుడు పంపాడు, దేవుడు పంపాడు అని దీనికి నేర్పించాను. ఇప్పుడు దీనికేం చెప్పను? ఎవరు పంపారని చెప్పను?"

 వరండాలో వెళ్తున్నవాళ్ళు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాడు అతను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ వైపు తిరిగి కూర్చుంది. భుజాలు కదులుతున్నాయి గానీ చప్పుడు లేదు. దగ్గరికి వెళ్ళాలో, వద్దో తెలియక అతను ఉన్నచోటే బిగుసుకుపోయాడు.

ఆవిడ ఇటు తిరిగేసరికి కళ్ళు తుడుచుకుని ఉంది. గొంతు బొంగురుపోయింది గానీ స్థిరంగా ఉంది.

"దేవుడే పంపాడు" అంది. "నీ మాట విన్నాక కూడా అదే చెప్తాను. ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంకేం లేదు, అది వచ్చింది, మేం బతికాం. రొట్టె దేవుడు పంపాడు. నువ్వు పంపింది ఉప్పు."

చెంప మీద కొట్టినా అంత అదిరిపోయేవాడు కాదు.

మధ్యాహ్నం దాటాక డాక్టరు బయటికొచ్చి, పిల్లకి ఏమీ ఫర్వాలేదు, తీసుకెళ్ళండి అన్నాడు. పిల్ల బయటికొస్తూనే "అమ్మమ్మా, ఆకలి" అంది. అప్పుడు తట్టింది బట్టీ మావయ్యకి. మూడు నీళ్ళు మార్చి ఉడికించాల్సిన వాళ్ళ కూడు బేసిన్‌లో విషమై కూర్చుంది. ఇవాళే కాదు, ఈ వారమంతా తినాల్సింది. తన కొట్టు చూస్తే సోమవారం, అల్మారాల్లో రొట్టె ముక్క లేదు, బట్టీ చల్లగా ఉంది.

పక్క కొట్టులో పాలూ అరటిపళ్ళూ కొని పిల్ల చేతిలో పెట్టాడు. పిల్ల అమ్మమ్మ కేసి చూసింది. అమ్మమ్మ తల ఊపాక తిన్నది. తర్వాత అతను ముందు గంటమ్మ గదిలో ఆ బేసిన్ ఖాళీ చేయించి, ముక్కలన్నీ గోనెసంచిలో మూట కట్టించి, ఇంటికి పరుగెత్తి బట్టీ వెలిగించాడు. ఏం జరిగిందో విన్న భార్య గుండెల మీద చెయ్యి వేసుకుని "దేవుడా, దేవుడా" అంటూ కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. తిట్టకపోవడమే అతనికి భయమేసింది. ఆవిడే లేచి, పెళ్ళి ఆర్డరు కోసం దాచిన మేలురకం పిండి బస్తా మూతి విప్పి, "పిసకండి" అంది.

ముప్పై ఏళ్ళ పనివాడు, ఆ సాయంత్రం కొత్తగా పని నేర్చుకుంటున్నవాడిలా పిండి పిసికాడు. పొంగిందా, లేదా అని నాలుగుసార్లు గుడ్డ తీసి చూశాడు. కాలిన రొట్టెను తట్టి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఒక ముక్క కోసి భార్యకు పెట్టాడు, తనూ తిన్నాడు. అంతా చేసి, ఎండ వాలేవేళకి ఆరు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని మెట్ల కింది గదికి వెళ్ళాడు. వేడికి అరచేతులు కాలుతున్నాయి.

గంటమ్మ గుమ్మంలోనే నిలబడింది. రొట్టెల కేసి చూసింది గానీ చెయ్యి చాపలేదు.

"మంచి పిండే అవ్వా. నేను తిని చూశాను."

"నీ చేతిలోంచి తీసుకుంటే బిచ్చం అవుతుంది. మేం బిచ్చం తినలేదు ఇన్నాళ్ళూ" అంది. "తీసుకెళ్ళి అక్కడ పెట్టు. ఎక్కడ పెడతావో అక్కడ. నేను వచ్చి తెచ్చుకుంటా."

అతనికి అర్థమైంది. సందు దాటి చర్చిలోకి వెళ్ళాడు. లోపల ఎవరూ లేరు. కిటికీల్లోంచి సాయంత్రపు వెలుతురు బెంచీల మీద పడుతోంది. పదిహేనేళ్ళుగా ఆ బల్ల దగ్గరికి ఛాతీ విరుచుకుని నడిచినవాడికి, ఇవాళ చెప్పులు ఎప్పుడు విడిచాడో కూడా తెలియలేదు. గుడ్డ విప్పి, రొట్టెలను ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. చూడటానికి ఏమీ బాగాలేవు. ఒకటి ఓ పక్కకి ఒరిగిపోయింది, ఒకదాని మీద బీట పడింది. పక్కకి తప్పుకుని గోడ దగ్గర నిలబడ్డాడు.

వెనకే గంటమ్మ వచ్చింది, మనవరాలి చెయ్యి పట్టుకుని. అతను అక్కడ లేనట్టే బల్ల దగ్గరికి వెళ్ళి, ఇద్దరూ మోకరించారు. ఏడేళ్ళుగా ఆ రొట్టె తీసుకెళ్ళేముందు చేసే ప్రార్థనే కాబోలు, కళ్ళు మూసుకుని, తడుముకోకుండా, అలవాటైన గొంతుతో మొదలుపెట్టింది.

"తండ్రీ, నీవు పంపినదానికి స్తోత్రం. పిల్లకు కడుపు నిండేలా చూశావు, స్తోత్రం. ఈ రొట్టె చేసిన చేతులను దీవించు. ఆ ఇంట్లో ఎప్పుడూ పిండికి కొదవ రానివ్వకు. ఆ బాబును, ఆ తల్లిని చల్లగా చూడు."

బట్టీ మావయ్య గోడను పట్టుకున్నాడు. అంటే ఆ ఉప్పురాయి మీద కూడా ఏటేటా ఇదే అడిగిందా? తను పుచ్చు పిండి డబ్బాలో దాస్తున్నప్పుడు, ఎవరు తింటారు గనక అంటున్నప్పుడు, ఇక్కడ మోకాళ్ళ మీద కూర్చుని తన చేతుల కోసం అడిగిందా? కొట్టులో పిండికి కొదవ రాని ఏడేళ్ళూ ఒక్కొక్కటీ కళ్ళ ముందు తిరిగాయి. అది తన తెలివే అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"ఆమెన్" అంది గంటమ్మ.

"ఆమెన్" అంది పిల్ల. తర్వాత కళ్ళు తెరిచి గోడ వైపు తిరిగింది. "తాతా, నువ్వు ఆమెన్ అనలేదు."

అతను నోరు తెరిచాడు. మాట రాలేదు. పిల్ల ఇంకా అతని మొహంలోకే చూస్తోంది. గంటమ్మ రొట్టెలు తీసుకోకుండా, మోకాళ్ళ మీదే ఆగి, అతను అనేదాకా ఎదురుచూస్తోంది.